మూడో పిలుపు

పిలవాలి, అంతే. పేరు పెట్టి మూడుసార్లు పిలిస్తే అయిపోతుంది, గుక్కెడు నీళ్ళు తాగేంతసేపు కూడా పట్టదు, అని సెనిల్లా తనకు తానే నచ్చజెప్పుకుంటోంది, నచ్చజెప్పుకుంటూనే పెదాలు బిగించి కూర్చుంది. ఎదురుగా రాయి. వెనక ఎండిన గడ్డిలో గునపాలూ మోకులూ పట్టుకుని నిలబడ్డ మనుషులు, వాళ్ళ వెనక బండి, కాడి కింద తలలు దించి తోకలతో ఈగల్ని తోలుకుంటున్న ఎద్దులు. వీటన్నిటికీ వెనక, ఏటికి అవతల, కొండల మీద పొగ. పొద్దున లేచేసరికి అది ఎవరో చెత్త తగలబెడుతున్నట్టు సన్నగా ఉండింది, ఇప్పుడు రెండు చోట్ల లేస్తోంది, రెండోది దగ్గర. దూరాన రైను నది అవతలి నుంచి దోపిడీకి వచ్చే గుర్రపువాళ్ళు ఈ ఏటి రేవు దగ్గర కనబడగానే బురుజు మీద కొమ్ము ఊదుతారు. కొమ్ము ఊదేలోపు వెసూన్నా ఊరి గోడలో మిగిలిన ఒక్క కంత మూతపడాలి. కంత అడుగున ఒక పెద్ద రాయి పడితే తప్ప పైన పేర్చే చిన్న రాళ్ళు నిలవవు. ఊరి బయట ఈ సమాధుల బాటలో అంత పెద్ద రాయి ఇక ఒక్కటే మిగిలింది, దాని మీద సెనిల్లా కూతురి పేరుంది.

మిగతావన్నీ వెళ్ళిపోయాయి. బాటకు రెండు పక్కలా ముత్తాతల కాలం నుంచీ నిలబడ్డ సమాధులన్నీ, చేతిలో చెయ్యి వేసుకున్న మొగుడూ పెళ్ళాల బొమ్మలూ, పీపాలు దొర్లిస్తున్న వర్తకుల బొమ్మలూ, అన్నీ బండ్లెక్కి ఊళ్ళోకి పోయాయి. చచ్చినవాళ్ళు ఊరి హద్దు లోపలికి రాకూడదని నియమం పెట్టుకున్న ఊరు ఇది, ఇప్పుడు ఆ చచ్చినవాళ్ళే భుజాలు ఆనించి ఊరిని కాయాలట. సభలో ఎవరో ఆ మాట అంటే పెద్దలందరూ భేష్ అన్నారట. ప్రతి రాయి దగ్గరికీ ఆ ఇంటి ఆడది వచ్చింది, పాలూ ద్రాక్షసారా నేల మీద పోసింది, నీ ఇల్లు అడుగుతున్నాం, కోపం పెట్టుకోకు అని చెప్పి పక్కకు తప్పుకుంది. ఆ తంతు జరగనిదే పనివాళ్ళు గునపం ఎత్తరు. మామూలు రాళ్ళయితే బతిమాలో బెదిరించో ఎత్తించవచ్చునేమో, ఇది రాళ్ళు చెక్కే బాడిస బొమ్మ గుర్తుగా ఉన్న రాయి. ఇంకా బాడిస కింద ఉండగానే, చెక్కడం పూర్తి కాకముందే దీన్ని పోయినవాళ్ళకు అప్పగించేశాం, ఇక దీన్ని ముట్టుకున్నవాడు వాళ్ళ కొంప కూల్చినట్టే అని ఆ గుర్తుకు అర్థం. రాళ్ళు చెక్కేవాళ్ళకు దాన్ని చూస్తే మరీ భయం, రోజూ చేతిలో ఆడే పనిముట్టు కదా. దీనితో వచ్చిన చిక్కు అంతటితో పోలేదు. దీని కింద బూడిద లేదు, ఎముక లేదు. శవం దొరకని మనిషికి ఖాళీ సమాధి కట్టి, కన్నతల్లి దాని ముందు నిలబడి మూడుసార్లు పేరు పిలిస్తే, ఎక్కడెక్కడో తిరిగే ప్రాణం వచ్చి ఆ రాతిలో కుదురుకుంటుందట. పిలవని సమాధి తలుపు తీసి వదిలేసిన ఇల్లు, అందులో ఏది దూరి కూర్చుందో ఎవరికి తెలుసు. అందుకని ముందు తల్లి పిలవాలి, కూతుర్ని లోపల కూర్చోబెట్టాలి, ఆ తర్వాత అదే తల్లి అదే కూతుర్ని బతిమాలి రాయి అడగాలి. పదేళ్ళు దాటిపోయినా సెనిల్లా పిలవలేదు.

"అమ్మగారూ," అన్నాడు దగోమారస్. గోడ పనంతటికీ మేస్త్రీ అతను, మెడ నిండా సున్నం పట్టి ముసలి కొంగలా ఉన్నాడు. "తొందరపెడుతున్నానని కాదు. ఎద్దులు ఎండకు ఆగడం లేదు."

"ఎద్దుల మీద పెట్టి చెబుతావేం, నువ్వే ఆగలేకపోతున్నావని చెప్పు."

"నేనూ ఆగలేకపోతున్నాను తల్లీ. నా పెళ్ళాం పిల్లలు ఆ కంత వెనకే ఉన్నారు."

మంచి మాట, అబద్ధం లేని మాట. అందరికీ ఎవరో ఒకరు ఆ కంత వెనక ఉన్నారు. తనకు మాత్రం కంత ముందు ఉన్నారు, ఎంత ముందో, ఏ అడవి వెనకో, ఏ నదికి అవతలో. తలెత్తి రాయిని చూసింది. రాతిలో ఒక పిల్ల కుందేలును చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. బుగ్గలు నున్నగా ఉన్నాయి, జుట్టు పాపిట తీసి చక్కగా వెనక్కి దువ్వి ఉంది, నోరు మూసుకుని బుద్ధిమంతురాలిలా చూస్తోంది. కాతియా ఎప్పుడైనా నోరు మూసుకుందా. ముందరి పన్ను ఊడి, ఆ సందులోంచి ఈల వేయడం నేర్చుకుని, ఇల్లంతా ఈల వేస్తూ తిరిగిన పిల్ల. చెవులు రెండూ పక్కలకు నిలబడి ఉండేవి, దువ్వెన చూస్తే పొయ్యి వెనక్కి పరిగెత్తేది, గడ్డం కింద మెట్ల మీంచి పడ్డ మచ్చ. శిల్పి ఆ పిల్లను చూసినవాడు కాదు, బుర్దిగాలా అనే పొరుగూరి నుంచి వచ్చినవాడు, చచ్చిపోయిన ఆడపిల్ల అంటే ఇలా ఉంటుంది అని వాడి చేతికి అలవాటు. బొమ్మ ఎత్తి నిలబెట్టిన రోజున సెనిల్లా మొగుడు ఉర్బికస్ దాని ముందు కూర్చుని ఏడ్చాడు, పెద్దగా, సభలో మాట్లాడే మనిషి ఏడ్చే ఏడుపు కాదది. సెనిల్లాకు మాత్రం ఒక్క చుక్క రాలేదు. ఎవరి పిల్లో ఇది, పాపం, అనుకుంది.

కాతియా పోయిన రోజు ఊరికి గోడ లేదు. గోడ ఎందుకు, ఎవరు వస్తారు, రాజ్యం సరిహద్దు ఇక్కడికి నెల రోజుల ప్రయాణం అనుకుంటూ మూడు తరాలు కాళ్ళు చాపుకుని పడుకున్న ఊరు. తెల్లవారేసరికి గుర్రాలు సంతవీధిలో ఉన్నాయి. జనమంతా క్రీడారంగానికి పరిగెత్తారు, ఎడ్లపోటీలూ కత్తిపోటీలూ ఆడే ఆ గుండ్రటి రాతి కట్టడం తప్ప తలదాచుకోవడానికి ఊళ్ళో గట్టి చోటు లేదు. సెనిల్లా ఒక చేత్తో ఇంటి దేవతల బొమ్మల మూట, ఇంకో చేత్తో కాతియా చెయ్యి. నేనేం చిన్నపిల్లనా, చెయ్యి వదులు, నేను నడవగలను, అని తొమ్మిదేళ్ళ పిల్ల గింజుకుంటూనే ఉంది, ఎప్పుడూ అంతే, సంతలో కూడా అంతే. చెయ్యి గుంజుకుంది. అంతలో జనం తోపు. వెనక్కి తిరిగితే చెవులు కనబడ్డాయి, ఆ నిలబడ్డ చెవులు, ఇద్దరి భుజాల మధ్య, ఆ తర్వాత భుజాలే కనబడ్డాయి. తను లోపల పడింది, తలుపు పడింది. తలుపు వేసింది బావగారు, తోడికోడలు సక్రిల్లా మొగుడు, ఆయన చచ్చిపోయి ఇప్పుడు ఆయన సమాధి రాయి కూడా గోడలో ఉంది. తియ్యండి, నా పిల్ల బయట ఉంది, అని సెనిల్లా ఆ తలుపును గోళ్ళతో రక్కింది. ఎందరి పిల్లలో లోపల ఉన్నారమ్మా, అన్నారు ఆయన. తప్పు మాట కాదు. అప్పుడూ తప్పు కాదు, ఇప్పుడూ కాదు, ఆ తప్పు కాని మాటంటే సెనిల్లాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తలుపులు తెరిచేసరికి సాయంత్రమైంది. శవాలు ఉన్నాయి, అన్నీ తిప్పి తిప్పి చూసింది, కాతియా లేదు. గుర్రపువాళ్ళు తాము చంపినవాళ్ళను వదిలి పోయారు, పనికొచ్చేవాళ్ళను గుర్రాల వెనక కట్టుకుపోయారు.

"ఏమే సెనిల్లా," అంటూ వచ్చింది సక్రిల్లా, ఊళ్ళోంచి ఆయాసపడుతూ, చెప్పులు దుమ్ము కొట్టుకుని. ఉర్బికస్ అన్న పెళ్ళాం, ఇంటికి పెద్ద కోడలు, ఆ పెద్దరికం ఎక్కడికి పోయినా చంకలో పెట్టుకునే పోతుంది. "ఇంకా కూర్చునే ఉన్నావా? అక్కడ కంత ముందు మగాళ్ళు తలుపులూ బల్లలూ అడ్డం పేరుస్తున్నారు. బల్లలు! గుర్రం తంతే ఊడిపోయే బల్లలు!"

"చూస్తున్నాను అక్కా."

"ఏం చూస్తున్నావ్? నా మొగుడి రాయి ఇచ్చాను, నా అత్త రాయి ఇచ్చాను, నా కడుపున పుట్టి పోయిన పసిగుడ్డు రాయి కూడా ఇచ్చాను. నా కళ్ళలో నీళ్ళు లేవనుకున్నావా? నీ ఒక్క కూతురి కోసం ఊళ్ళో పిల్లలందరినీ వీధిలో పెడతావా?"

"నీ బిడ్డ నీ చేతుల్లో పోయింది అక్కా. నువ్వే కళ్ళు మూశావు. నీకు తెలుసు."

 సక్రిల్లా వచ్చి పక్కన, గడ్డిలో, చతికిలబడింది, ఆమె మోకాళ్ళు పటపటమన్నాయి. "నాకు తెలుసులే," అంది, గొంతు తగ్గించి. "తెలియడం సుఖమని ఎవరు చెప్పారే నీకు."

ఉర్బికస్ దూరంగా నిలబడ్డాడు, అంగీ కొంగు చేతి మీద వేసుకుని, సభలో తన వంతు కోసం నిలబడ్డట్టు. మనిషి ఎండిపోయాడు. గోడ గీత గీసింది ఈయనే, తాళ్ళు పట్టించి, మేకులు కొట్టించి. ఊరంతటినీ చుట్టాలంటే రాళ్ళూ చాలవు, కాపలా కాసే మగాళ్ళూ చాలరు, కాబట్టి ఊరిని కత్తిరించాలి అని సభలో చెప్పింది ఈయనే. కత్తిరించారు. సెనిల్లా అమ్మమ్మ చెప్పేది, నా చిన్నప్పుడు ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే కాళ్ళు నొప్పి పుట్టేవే అని, స్నానశాలల్లో సముద్రం నుంచి తెచ్చిన ఆల్చిప్పల మాంసం వేడివేడిగా అమ్మేవాళ్ళనీ, నీళ్ళు కొండల నుంచి రాతి స్తంభాల మీది కాలువలో నడిచి వచ్చేవనీ. ఆ కాలువ తెగి ఎన్నాళ్ళయిందో. ఆ ఊరు ఇప్పుడు క్రీడారంగానికి వీపు ఆనించి ముడుచుకు పడుకున్న ముసలిదానిలా ఉంది. ఊరికి పేరిచ్చిన తల్లిని, వెసూన్నా అమ్మనే, ఆకాశమంత ఎత్తు గుండ్రటి గుడితో సహా గోడ బయట వదిలేశారు. అమ్మ తనను తాను కాచుకుంటుందిలే, అన్నారు సభలో. కాచుకుంటుంది, పాపం, ఆడదానికి అలవాటే. గోడ తమ ఇంటిని కూడా బయట వదిలేసింది. సభాపెద్ద సొంత ఇల్లు కాపాడుకున్నాడన్న మాట పడకూడదని ఉర్బికస్ గీతను ఇంకాస్త లోపలికి జరిపాడు, జరిపి ఆ సాయంత్రం అన్నం తినకుండా పడుకున్నాడు. ఆ తర్వాత గోడ ముందు శత్రువు దాక్కునే చాటు ఉండకూడదని ఇల్లు పడగొట్టారు. నీలి చేపల బొమ్మలు వేసిన గోడ కూలుతుంటే సెనిల్లా చూసింది. ఇల్లు పోయినందుకు కాదు ఆమె కడుపు రగిలింది, ఇంత పరువున్న మనిషి ఒక్క మాట ఆలోచించలేదేమా అని. కాతియాకు తెలిసింది ఆ ఇల్లొక్కటే. తప్పించుకుని, ఎక్కడి నుంచో నడిచి నడిచి వస్తే, నూనె గానుగ దగ్గర కుడికి తిరిగి ఎర్ర తలుపు ముందు నిలబడాలనుకుంటుంది. గానుగ లేదు, ఎర్ర తలుపు లేదు, వీధే లేదు. ఎదురుగా గోడ. తల్లి గోడ లోపల, కూతురు బయట, మళ్ళీ.

పిలవకపోతే ఏమవుతుంది? రాయి కదలదు, కంత మూయరు, గుర్రాలు వస్తాయి. ఈ లెక్క చిన్నపిల్లకైనా అర్థమవుతుంది. పిలిస్తే ఏమవుతుందో అది తనకొక్కదానికే తెలుసు, అమ్మమ్మ చెప్పిన కథ అది, శీతాకాలం పొయ్యి దగ్గర చెస్ట్‌నట్ కాయలు పగులుతుంటే చెప్పిన కథ. దూరదేశంలో యుద్ధానికి పోయిన మొగుడు ఎంతకీ రాలేదని ఒకామె ఖాళీ సమాధి కట్టించి మూడుసార్లు పిలిచిందట. అదే పూట, ఆ దూరదేశంలో, బతికున్న మొగుడు ఇంటికి పోవడానికి మూట కట్టుకుంటూ ఉన్నవాడు ఉన్నట్టుండి కూలిపోయాడట. బతికున్నవాళ్ళను సమాధిలోకి పిలిస్తే ప్రాణం రాక తప్పదు, ఒళ్ళు అక్కడే పడిపోతుంది. కథే కావచ్చు. ఊరికే చెప్పిందే కావచ్చు. పదేళ్ళుగా సెనిల్లా ఆ కథను నోట్లో పెట్టుకుని మింగలేక కక్కలేక ఉంది. కాతియా బతికే ఉంటే, ఏ కట్టెలు మోస్తూనో, ఏ బిడ్డకు పాలిస్తూనో ఉంటే, ఇప్పుడు తను పిలిచిన పిలుపుకు ఆ బిడ్డను ఒళ్ళోంచి జారవిడిచి పక్కకు ఒరిగిపోతే? సరే, బతికి లేకపోతే? చచ్చిపోయే ఉంటే, చచ్చిపోయి ఇన్నేళ్ళూ ఇల్లు లేక, నీళ్ళ రేవుల దగ్గరా నాలుగు దారులు కలిసే చోట్లా తిరుగుతూ, అమ్మ ఎందుకు పిలవడం లేదు అని వణుకుతూ ఉంటే? పిలిచినా తనే చంపినట్టు, పిలవకపోయినా తనే వెళ్ళగొట్టినట్టు. ఏ రాత్రి ఏ వైపు తిరిగి పడుకున్నా ఈ రెంటిలో ఒకటి ముఖం మీద కూర్చుంటుంది. పిల్లలు పుట్టించే దేవతలకు మొక్కుతారు గానీ, పోయిన పిల్ల బతికుందో లేదో చెప్పే దేవత ఒక్కతీ లేదు.

కొమ్ము వినబడిందా? కాదు, ఎద్దు రంకె వేసింది. అందరూ తుళ్ళిపడ్డారు, తుళ్ళిపడి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, ఒకడు నవ్వబోయి మానేశాడు.

ఉర్బికస్ దగ్గరికి వచ్చాడు. వచ్చి ముందుకు వంగి, పనివాళ్ళకు వినబడకుండా, "నేను ఆజ్ఞ ఇచ్చి ఎత్తించవచ్చు సెనిల్లా," అన్నాడు. "వీళ్ళు ఎత్తరు. కొడితే ఎత్తుతారేమో, కొట్టలేను."

"మీరు పిలవకూడదా?"

"పిలిచాను. ఈ రాయి నిలబెట్టిన రోజున, నువ్వు వెళ్ళిపోయాక, ఒక్కడినే. తండ్రి పిలుపు చాలదన్నారు."

ఈ సంగతి ఆమెకు తెలియదు. కళ్ళెత్తి ఆయన్ని చూసింది, కోపం రావాలి, రాలేదు. "చచ్చిపోయిందని మీకెవరు చెప్పారు? ఎలా పిలిచారు?"

"ఎవరూ చెప్పలేదు." ఆయన కొండల మీద పొగ వైపు చూస్తూ మాట్లాడాడు. "పట్టుకుపోయిన ఆడపిల్లల్ని వాళ్ళు ఏం చేస్తారో నువ్వు వినలేదు, నేను విన్నాను, తప్పించుకు వచ్చినవాళ్ళు సభలో చెబితే కూర్చుని విన్నాను. చచ్చిపోయింది అనుకుంటేనే నాకు నిద్ర పడుతుంది. బతికుందని నువ్వు అన్నప్పుడల్లా నాకు నీ నోరు మూసేయాలనిపిస్తుంది. ఆ రోజే, ఆ గుంపులోనే, ఒక్క దెబ్బకు పోయింది. నా కూతురికి ఆపాటి అదృష్టం ఉండకూడదా?"

ఇదా. ఈ మనిషి ఇంత పెద్ద రాయి ఎందుకు నిలబెట్టాడో, అప్పట్లో సభలో అందరూ గుసగుసలాడేంత పెద్ద రాయి, ఇప్పటికి తెలిసింది. కూతురు మళ్ళీ లేచి ఆ గుర్రాల వెనక నడవకుండా ఉండాలని బరువు పెట్టాడు. పదేళ్ళుగా ఒకే కంచంలో ముంచుకుని తిన్నారు, ఒకే కంబళి కప్పుకున్నారు, ఒకరు బిడ్డను చంపుకుని నిద్రపోతే ఇంకొకరు బతికించుకుని మేలుకున్నారు, ఒకరినొకరు రాతిగుండె అనుకున్నారు. సెనిల్లాకు ఆయన మీద జాలి వేసింది. ఆ జాలి వచ్చినందుకు భయం కూడా వేసింది, ఎందుకంటే జాలి వచ్చిందంటే లేవక తప్పదు.

లేచింది. తిమ్మిరెక్కిన కాళ్ళు మాట వినలేదు, సక్రిల్లా కింద కూర్చునే చెయ్యి ఆసరా ఇచ్చింది. పనివాళ్ళు గునపాలు నేలకు దించి తలల మీద బట్ట కప్పుకున్నారు. పాలు పోసింది, ఎండిన నేల గుటుక్కున తాగేసింది. ద్రాక్షసారా పోసింది, అది కాసేపు ఎర్రగా నిలిచి, అంచుల నుంచి లోపలికి దిగిపోయింది. రాతి మీద చెయ్యి పెట్టాలి, పెట్టింది. ఎండకు వేడెక్కి మనిషి వీపులా ఉంది. నా తల్లీ, బతికుంటే చెవులు మూసుకో, చచ్చిపోయి ఉంటే పరిగెత్తుకు రా, నాకు తెలియదమ్మా, నేనేం చెయ్యను, నాకు తెలియదు.

"కాతియా."

 నోట్లోంచి గాలే వచ్చింది, అందులో ఎక్కడో పేరుంది. దగోమారస్ పెదాలు కదిపి ఒకటి అని లెక్కపెట్టుకున్నాడు. రాతిలోని పిల్ల కుందేలుతో అలాగే చూస్తోంది. ఎక్కడో ఒక ఆడది కట్టెల మోపు దించి గుండె పట్టుకుందా? వద్దు, అటు పోవద్దు. ఊపిరి తీసుకో. ఇంకో రెండు.

"కాతియా!"

ఈసారి గొంతు వచ్చింది, వచ్చిన గొంతును విని సెనిల్లాయే అదిరిపడింది. ఇది పోయినవాళ్ళను పిలిచే గొంతు కాదు. సాయంత్రం పెరటి గుమ్మంలో నిలబడి, తడి చేతులు అంగీకి తుడుచుకుంటూ, అంబలి చల్లారిపోతోంది ఎక్కడ చచ్చావే అని పిలిచే గొంతు, చివర కాస్త విసుగుతో, కాస్త సాగదీతతో. పదేళ్ళుగా వాడని గొంతు, తుప్పయినా పట్టలేదు. ఆ గొంతుకు కాతియా ఎన్నడూ మొదటిసారికే పలికింది లేదు. మంచం కిందో, ధాన్యం గాదె వెనకో నక్కి ఊపిరి బిగబట్టేది, ఆ గదిలో అడుగు పెట్టగానే తల్లికి తెలిసిపోయేది. పలకని పిల్ల ఉన్న గది వేరు, పిల్ల లేని గది వేరు. సెనిల్లా చెవి రాతికి ఆనించింది, సిగ్గు లేకుండా, అందరూ చూస్తుండగా, చెంప మొత్తం ఆనించి విన్నది. నక్కి కూర్చున్న ఊపిరి లేదు. నవ్వు ఆపుకుంటున్న చప్పుడు లేదు. రాయి, రాయి లోపల రాయి, ఇంకా లోపలికి పోతే అదే రాయి.

చెయ్యి తీసేసింది. రాయికి వీపు తిప్పింది. తిప్పి, కూలిపోయిన ఇళ్ళ మీదుగా, అమ్మవారి గుడి పక్కగా, ఏటి వైపు పోయే తెల్లటి దారిని చూస్తూ, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, పొట్టలో ఉన్న గాలంతా పెట్టి పిలిచింది.

"కాతియా! ఇంటికి రావే!"

అందరూ దారి వైపు చూశారు. గునపాల మీద వంగినవాళ్ళు చూశారు, సక్రిల్లా మెడ సాచి చూసింది. ఉర్బికస్ కూడా చూశాడు. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ చూశాడు, చూస్తున్నానని ఆయనకు తెలియదు. దారి మీద దుమ్ము తప్ప ఏమీ లేదు, ఆ దుమ్ము కూడా గాలి లేపిందే.

"అమ్మగారూ," అన్నాడు దగోమారస్, "మూడోది కూడా రాయి వైపే తిరిగి పిలవాలి. లేకపోతే లోపలికి..."

"రెండుసార్లు పిలిచానుగా. పలికిందా?"

"అది కాదు తల్లీ..."

"ఇందులో ఎవరూ లేరు దగోమారస్. కన్నదాన్ని చెబుతున్నాను, విన్నాను, ఎవరూ లేరు. ఖాళీ ఇంటికి భయపడతావేం. బాడిస ఇలా ఇవ్వు."

ఎవరూ కదలలేదు. సెనిల్లాయే వెళ్ళి అతని నడుం పట్టీలోంచి బాడిస లాగింది. దేవుళ్ళారా, ఇదేం పనే, అంది సక్రిల్లా, అన్నదే గానీ ఆపలేదు. మొదటి దెబ్బ జారింది, రెండో దెబ్బకు గుర్తు అంచు ఎగిరింది, చేతులు రాయి పనికి అలవాటు లేనివి, మణికట్టు మెలిపడింది. ఉర్బికస్ వచ్చాడు. ఆపుతాడనుకుని ఆమె పిడి గట్టిగా పట్టుకుంది. ఆయన ఆ పిడి మీద, ఆమె వేళ్ళ మీద తన చెయ్యి వేసి, ఇద్దరి బలంతో కొట్టాడు. రాతి మీద బాడిస గుర్తు పెచ్చుగా ఊడి గడ్డిలో పడింది, అది ఉన్న చోట తెల్లగా, కొత్తగా, మామూలు రాయి కనబడింది.

అప్పుడు ఊదారు కొమ్ము. ఒకసారి, ఆపకుండా, పొడుగ్గా.

ఆ తర్వాత ఎవరు ఏం అరిచారో సెనిల్లాకు తెలియదు. గునపాలు పడ్డాయి, మోకులు బిగిశాయి, రాయి మూలిగి, ఒక పక్కకు ఒరిగి, దుంగల మీద పడి బండెక్కింది, దాని కింద పల్లంలో తడి మన్నూ నాలుగు వానపాములూ తప్ప ఏమీ లేవు. ఎద్దుల్ని కర్రతో కాదు, అరుపులతో పరిగెత్తిస్తున్నారు. సక్రిల్లా చెప్పులు చేతిలో పట్టుకుని ముందు పరిగెడుతోంది, ఈ వయసులో ఆమె అంత పరిగెత్తగలదని ఎవరూ అనుకోరు. సెనిల్లా ఒక చెయ్యి బండి పట్టెకు ఆనించి నెడుతోంది, ఇటు పక్క ఆమె, అటు పక్క ఉర్బికస్, మధ్యలో వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తున్న ఎవరి పిల్లో. ఏటి వైపు నుంచి చప్పుడు వస్తోంది, నీళ్ళదో గిట్టలదో. ఎదురుగా గోడ, గోడలో కంత, కంత ముందు బల్లలు లాగేస్తూ చేతులు ఊపుతున్న మనుషులు.

"అయ్యగారూ," దగోమారస్ బండి వెంట పరిగెడుతూనే అరిచాడు, "అక్షరాలు లోపలికి తిప్పేస్తున్నాం! అన్ని రాళ్ళకూ అలాగే చేశాం, పేర్లు బయటికి కనబడకూడదని సభ చెప్పింది!"

"సభ సంగతి నేను చూసుకుంటాను," అన్నాడు ఉర్బికస్. ఆయాసానికి మాట ముక్కలుగా వచ్చింది. "దీని పేరు బయటికి పెట్టు. దారి వైపు. దానికి తన పేరు చదవడం వచ్చు, నేనే నేర్పాను."